జెడ్-వేవ్ కంట్రోలర్ కొంటున్నారా? ఫ్రీక్వెన్సీ చూడకుండా డబ్బు కట్టొద్దు

ఇంట్లో లైట్లు, ప్లగ్‌లు, తలుపు సెన్సార్లు జెడ్-వేవ్ అనే రేడియో పద్ధతిలో వైర్‌లెస్‌గా నడుపుకుందామని, వాటిని కంప్యూటర్‌తో కలిపే యూఎస్‌బీ కంట్రోలర్ (స్టిక్) కోసం వెతుకుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. 'యూనివర్సల్', 'ఏ దేశంలోనైనా పనిచేస్తుంది' అని రాసి పెట్టిన జెడ్-వేవ్ కంట్రోలర్ కనబడితే దాని జోలికి పోకండి. సరిగ్గా అలాంటి సరుకే నాకు అంటగట్టారు. ఒకరు వాడి వెనక్కిచ్చిన దాన్ని, అదీ వేరే ప్రాంతానిది, కొత్తదని చెప్పి మరీ అమ్మారు.

జెడ్-వేవ్‌లో 'ఏ దేశంలోనైనా' అనే మాటకు అర్థమే లేదు. వాడే రేడియో ఫ్రీక్వెన్సీ ప్రాంతాన్ని బట్టి మారిపోతుంది. అమెరికా రకం 908.42 మెగాహెర్ట్జ్, యూరప్ రకం 868.42, భారత్‌ది 865.2, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు 921.4. కంట్రోలర్ ఒక రకం, సెన్సార్ ఇంకో రకం అయితే రెండింటినీ పక్కపక్కన ఆనించి పెట్టినా ఒకదాని మాట ఒకదానికి వినపడదు. జిగ్‌బీ, థ్రెడ్ (ఇలాంటివే వేరే వైర్‌లెస్ పద్ధతులు), మామూలు వైఫై స్మార్ట్ పరికరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు. వాటికి అలవాటు పడ్డవాళ్లే ఇక్కడ తేలిగ్గా బుట్టలో పడతారు, సెల్లర్లకూ అది తెలుసు.

అసలు ఇబ్బంది ఏంటంటే, తేడా ఉందని ఎక్కడా కనపడదు. స్టిక్ గుచ్చగానే కంప్యూటర్ గుర్తుపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో పోర్ట్ కనబడుతుంది. ఇన్‌క్లూజన్ (కొత్త పరికరాన్ని కలుపుకోవడం) నొక్కితే 'మొదలైంది' అంటుంది. సెన్సార్ మీద బటన్ నొక్కితే దాని లైటూ మినుకుమంటుంది. కాసేపటికి గడువు అయిపోయి రెండూ ఊరుకుంటాయి. ఎర్రర్ అంటూ ఏమీ రాదు. సెల్లర్ సపోర్ట్‌ని అడిగితే బ్యాటరీ మార్చమన్నారు, దగ్గరగా జరపమన్నారు, ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. ఫ్రీక్వెన్సీ ఎంతని అడిగిన ప్రతిసారీ ఆ ఒక్క ప్రశ్నకే జవాబు రాలేదు.

నాకు అనుమానం వచ్చింది నోడ్ల జాబితా, అంటే స్టిక్‌తో కలిసిన పరికరాల పట్టిక, చూశాక. నేను ఒక్క పరికరం కూడా కలపకముందే అందులో వరసగా నోడ్లు ఉన్నాయి, అన్నీ 'డెడ్' అని చూపిస్తున్నాయి. వాటిలో ఒకటి తలుపు తాళం రకం. అంటే ఎవరింటి తాళమో ఈ స్టిక్‌తో కలిసి నడిచింది. అప్పుడు స్టిక్ వెనక్కి తిప్పి చూస్తే లేబుల్ అంచు కొంచెం లేచి ఉంది. గోటితో తీస్తే కింద ఇంకో లేబుల్, దాని మీద 908.42. పైన అంటించినదాని మీద ఫ్రీక్వెన్సీ ఊసే లేదు. నా సెన్సార్లన్నీ 868.42వి. ఇంక అవి కలిసేదెలా? రిటర్న్ అడిగితే 'ప్యాకింగ్ విప్పేశారు కదా' అని చేతులు దులుపుకున్నారు. విప్పకుండా పనిచేస్తుందో లేదో తెలిసేది ఎలాగో వాళ్లే చెప్పాలి. ఫోటోలు, చాట్ అన్నీ జతచేసి పేమెంట్ వైపు నుంచి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

మీ దగ్గర ఇప్పటికే పెయిర్ కాని స్టిక్ ఉంటే ముందు ఎక్స్‌క్లూజన్ (పరికరాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేయడం) పెట్టి చూడండి. వేరే నెట్‌వర్క్‌లో ఇరుక్కున్న పరికరాన్నైనా సరే, అదే ఫ్రీక్వెన్సీలో ఉన్న ఏ కంట్రోలరైనా ఎక్స్‌క్లూడ్ చేయగలదు. వాడిన సెన్సార్లు మొరాయిస్తే చాలాసార్లు కారణం ఇదే: పాత నెట్‌వర్క్ నుంచి బయటికి రానిదే కొత్తదానిలోకి రావు. రెండు మూడు పరికరాల్ని పక్కనే పెట్టి ప్రయత్నించినా ఎక్స్‌క్లూజన్‌కి కూడా ఏదీ పలకకపోతే బ్యాటరీల మీద ఇంకా డబ్బు తగలేయకండి, ఫ్రీక్వెన్సీనే అనుమానించండి.

సాఫ్ట్‌వేర్‌లో రీజియన్ మార్చుకోవచ్చు కదా అంటారేమో. 700, 800 సిరీస్ చిప్‌ల స్టిక్‌లు కొన్నింటిలో ఆ వీలుంది. పాత 500 సిరీస్‌లో ఆ సెట్టింగ్ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. మీ ప్రాంతానిది కాని ఫ్రీక్వెన్సీలో మాత్రం ఎప్పుడూ నడపకండి. 908.42 చాలా దేశాల్లో మొబైల్ ఫోన్లకు కేటాయించిన బ్యాండ్‌లో పడుతుంది. అందుకని స్టిక్‌కి సరిపోయేలా సెన్సార్లూ అమెరికావే తెప్పించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇంకో సంగతి, ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. మీ కంట్రోలర్ వెనక్కి ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు ముందు పరికరాలన్నీ ఎక్స్‌క్లూడ్ చేసి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. మీ ఇంట్లో ఏమేం రకాల పరికరాలున్నాయో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చూడాల్సిన పని లేదు.

సరైన కంట్రోలర్ దొరికాక కలపడం పెద్ద పనేం కాదు. కరెంటు మీద నడిచే ప్లగ్‌లు, స్విచ్‌లు ముందు కలపండి. సిగ్నల్‌ని ముందుకు అందించేవి అవే, బ్యాటరీ సెన్సార్లు అందించవు. ఎస్2 (జెడ్-వేవ్‌లో కొత్తరకం ఎన్‌క్రిప్షన్) భద్రత ఉన్న పరికరాల మీది క్యూఆర్ కోడ్, అయిదంకెల పిన్ గోడకు బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోండి. నెట్‌వర్క్ కీల (పరికరాల మాటల్ని రహస్యంగా ఉంచే కోడ్‌ల) కాపీ ఇంకోచోట దాచండి, అవి పోతే తాళాలన్నీ మళ్లీ మొదటినుంచి కలుపుకోవాలి.

జిగ్‌బీ స్టిక్ కొనేవాళ్లు సీసీ2531 చిప్‌ది చవగ్గా వస్తోందని తీసుకోకండి, అది పాతబడిపోయింది, పరికరాలు పెరిగితే మోయలేదు. ఏ స్టిక్ అయినా యూఎస్‌బీ 3.0 పోర్ట్‌కి నేరుగా గుచ్చకుండా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరపండి. ఆ పోర్ట్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుడుతుంది. కంపెనీ సర్వర్ లేకపోతే నడవని హబ్‌లకైతే దూరంగానే ఉండండి. రివాల్వ్ హబ్ 2016లో ఆగిపోయింది, ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్‌హోమ్ కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా మూగబోయాయి. డబ్బు పెట్టి కొన్నవాళ్లే నష్టపోయారు.

డబ్బు కట్టేముందు సెల్లర్‌ని రాతపూర్వకంగా మూడు అడగండి: ఫ్రీక్వెన్సీ ఎన్ని మెగాహెర్ట్జ్, చిప్ ఏ సిరీస్, విప్పాక పెయిర్ కాకపోతే వెనక్కి తీసుకుంటారా. స్టిక్ మీది లేబుల్ ఫోటో కూడా పంపమనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. గుచ్చగానే, ఏదీ కలపకముందే, నోడ్ల జాబితా స్క్రీన్‌షాట్ తీసుకోండి. అందులో కంట్రోలర్ తప్ప ఇంకేదైనా కనబడితే అదే రోజు రిటర్న్ పెట్టేయండి.