గంట ముట్టుకొని ఒట్టు: నారాయణగూడలో మూడు శనివారాల ఉపన్యాసాలు

ఐర్లండ్ చరిత్రలో ప్రమాణాల గురించి నారాయణగూడలోని ఒక అద్దె హాలులో మూడు శనివారాల సాయంత్రాలు ఇచ్చిన ఉపన్యాసాలకు 600 రూపాయలు కట్టి వెళ్లాను. ఎక్కడో ఐర్లండు ఒట్లు మనకెందుకని ఇంట్లో నవ్వారు గానీ, మొదటి రోజు సగం గడిచేసరికే డబ్బు గిట్టుబాటయిందనిపించింది.

అందుకు కారణం ఒక్క మాట. ఐరిష్‌లో ప్రమాణాన్ని ‘మ్యున్’ అంటారు. పాత ఐరిష్‌లో ఆ మాటకు కిరీటమనీ, సాధువులు విడిచివెళ్లిన పవిత్ర వస్తువనీ కూడా అర్థాలుండేవి. అంటే దేన్ని ముట్టుకొని ఒట్టు పెట్టేవారో దాని పేరే ఒట్టుకు పేరయింది. 12వ శతాబ్దం చివర ఐర్లండు చూసివచ్చిన క్రైస్తవ మతగురువు జెరాల్డ్ ఆఫ్ వేల్స్, అక్కడి జనం సువార్తల మీద కంటే సాధువుల గంటల మీదా, వంపు తిరిగిన చేతికర్రల మీదా చేసిన ప్రమాణం తప్పడానికే ఎక్కువ భయపడతారని రాశాడు. ఈ సంగతి చెబుతూ వక్త ఒక చిన్న ఇత్తడి గంటను వరుసల వెంట పంపించారు. మా పక్కనున్న పెద్దాయన దాన్ని చేతిరుమాలుతో పట్టుకొని అవతలికి అందించారు. కాణిపాకంలో ప్రమాణం చేయమనగానే మాట మార్చేవారిని ఎరిగిన మనకు జెరాల్డ్ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.

రెండో సాయంత్రం తేలిపోయింది. ఇద్దరు సైనికుల చేత బ్రిటిష్ పాలనను ఎదిరించిన యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘపు రహస్య ప్రమాణం చేయించాడన్న అభియోగంపై 1797 అక్టోబరులో విలియం ఓర్‌ను ఉరితీసిన ఉదంతం పావుగంటలో ముగిసింది. ఒట్టు పెట్టించినందుకే ప్రాణం తీయడానికి వీలిచ్చిన 1796 నాటి చట్టానికి ఒక్క వాక్యం దక్కింది.

మూడో రోజు ఆ లోటు తీరింది. బ్రిటన్‌కూ ఐర్లండు నాయకులకూ మధ్య 1921 డిసెంబరు 6న కుదిరిన ఒప్పందంలో, ఐర్లండు పార్లమెంటు సభ్యులు చేయవలసిన ప్రమాణ వాక్యాన్ని వక్త బోర్డు మీద రాసి, రాజ్యాంగానికి చూపవలసిన విధేయతను తెల్ల సుద్దతోనూ, బ్రిటిష్ రాజు ఐదవ జార్జి పట్ల ఉండవలసిన విశ్వాసాన్ని ఎర్ర సుద్దతోనూ గీత గీసి చూపించారు. ఆ ఎర్ర గీత దగ్గరే పెద్ద తగవు వచ్చింది: 1922 జనవరి 7న ఒప్పందం ఐర్లండు పార్లమెంటులో 64–57 ఓట్లతో గట్టెక్కింది, జూన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 1927 ఆగస్టులో ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలేరా పార్లమెంటు సభలోకి వెళ్లడానికి, తాను ప్రమాణం చేయడం లేదని చెబుతూ, బైబిల్‌ను దూరంగా పెట్టి పుస్తకంలో సంతకం మాత్రం చేశారు. చెయ్యి తగలకపోతే ఒట్టు పడదన్న పాత లెక్క అక్కడ పనిచేసిందని నాకు తోచింది. వక్త ఆ గంటను మళ్లీ గుర్తుచేసి ఉంటే ఎంత బాగుండేది. ఆ ప్రమాణాన్ని 1933లో చట్టం చేసి తొలగించారు.

భాష గురించి చివరి అరగంట సరదాగా సాగింది. దేవుడి పేరెత్తి ‘దర్ దియ’ అనడానికి జంకినవారు ‘దర్ ఫియ’ అంటారట; ‘ఫియ’ అంటే జింక. ‘ఒట్టు తీసి గట్టు మీద పెట్టు’ అనే మనవారికి ఈ తెలివి కొత్తకాదు.

మైకు మాటిమాటికీ గీపెట్టింది. పంచిన జెరాక్సు కాగితాల్లో ఐరిష్ అక్షరాల మీది గీతలు ఎగిరిపోయాయి, వాటితో పాటే ఉచ్చారణా పోయింది. రెండో రోజుకు విడిగా రుసుము లేదు గనుక మానుకున్నా మిగిలేదేమీ లేదు. తదుపరి విడతకు వెళ్లేవారు మొదటి రోజు మాత్రం ముందు వరుసలో కూర్చోవాలి, గంట అక్కడి నుంచే బయలుదేరుతుంది.