ఫెషీ లోయ ప్రయాణంలో నాలుగు రాత్రులు: టెంటు, బాథీ, తడి కట్టెలు

మొదటి రాత్రికి డబ్బు కట్టాం, ఆ రాత్రే తడిశాం. స్కాట్లండ్‌లోని ఏవీమోర్ ఊరి చుట్టుపక్కల ఉన్న ఒక క్యాంప్‌సైట్ అది, పేరు చెప్పను. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే వాళ్లే స్థలం నంబరు ఇచ్చారు, మేం చేరేసరికి చీకటి పడిపోయింది, తెల్లారి లేచి చూస్తే మా టెంటు ఉన్న చోటు చుట్టూ నేలకంటే జానెడు పల్లంగా ఉంది, రాత్రి కురిసిన వాన నీళ్లన్నీ అక్కడికే వచ్చి చేరాయి. ఆఫీసులో చెబితే అక్టోబరులో ఇంతే అన్నారు, వేరే స్థలం ఇవ్వలేదు. వేడినీళ్లు, చార్జింగ్, శుభ్రమైన టాయిలెట్లు ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. కానీ టెంటు ఎక్కడ వేసుకోవాలో మనమే చూసుకుని ఎంచుకోవడం ఎంత పెద్ద విషయమో ఆ రాత్రే తెలిసింది.

నేను ఎడింబరోలో ఉంటాను, తమ్ముడు గ్లాస్గోలో చదువుతున్నాడు. ఇద్దరం కలిసి కెయిర్న్‌గార్మ్స్ నేషనల్ పార్కులోని ఫెషీ లోయకి వెళ్లాలని వేసవి నుంచే అనుకున్నాం, అక్టోబరు నడిమికి కుదిరింది. నిజానికి అదే మంచిదైంది. వేసవిలో ఇక్కడ మిడ్జ్‌లని సన్నటి దోమల్లాంటి పురుగులు గుంపులు గుంపులుగా మీద పడతాయి, గాలి లేని సాయంత్రం టెంటు బయట నిలబడనివ్వవు. అక్టోబరుకి అవి పోతాయి. చలి, వాన, పొడవైన రాత్రి మిగులుతాయి. ఆరు దాటగానే చీకటి, మళ్లీ వెలుతురు వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది, అంటే సుమారు 13 గంటలు టెంటులోనే. పుస్తకమో కబుర్లో ఏదో ఒకటి ఉండాలి.

ఇక్కడ అడవిలో టెంటు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదా అని చాలామంది అడుగుతారు. స్కాట్లండ్‌లో అక్కర్లేదు. 2003లో వచ్చిన భూ సంస్కరణ చట్టం ప్రకారం ఎక్కువ శాతం భూముల్లో నడవడానికీ, చిన్న టెంటు వేసుకుని రెండు మూడు రాత్రులు ఉండటానికీ అందరికీ హక్కుంది, భూమి ప్రైవేటుదైనా సరే. పంట పొలాల్లో, ఇళ్ల పక్కన, రోడ్డు పక్కన వేయకూడదు. కారుకి ఈ హక్కు వర్తించదు, నడిచో సైకిలు మీదో, మోటారు లేకుండా వెళ్లేవాళ్లకే. లాక్ లోమండ్ సరస్సు చుట్టూ కొన్ని జోన్లలో మాత్రం మార్చి నుంచి సెప్టెంబరు దాకా పర్మిట్ తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఇలా కుదరదు, భూమి యజమానిని అడగాల్సిందే, ఒక్క డార్ట్‌మూర్ అనే కొండ బీడులో పాత హక్కుంది, దాని మీద కేసు నడిచి చివరికి 2025 మేలో సుప్రీంకోర్టు క్యాంపింగ్ చేసేవాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

ఏవీమోర్ నుంచి ట్యాక్సీలో అక్లీన్ దాకా వెళ్లాం, రోడ్డు దాదాపు అక్కడితో అయిపోతుంది. అక్కణ్ణుంచి నది తూర్పు ఒడ్డున దారి. లోయలోకి అడుగుపెట్టగానే కళ్లు నిలిచిపోయేది ముసలి పైన్ చెట్ల మీద కాదు, వాటి చుట్టూ మోకాలెత్తు, నడుమెత్తు మొలిచిన పిల్ల చెట్ల మీద. ఇక్కడ దుప్పులు మరీ ఎక్కువైపోయి ఏళ్ల తరబడి మొలకలన్నీ మేసేశాయి, అడవంతా ముసలి చెట్లే మిగిలాయి, తర్వాత దుప్పుల సంఖ్య గట్టిగా తగ్గించాక కంచె లేకుండానే అడవి తనంతట తానే తిరిగి మొలుస్తోంది. ఈ సంగతి తెలిశాక ఒక పిల్ల కొమ్మ విరచాలన్నా చేయి రాదు. బుష్‌క్రాఫ్ట్, అంటే అడవిలో దొరికినవాటితో పనులు చేసుకునే విద్య, కొమ్మలు నరికి గుడిసె కట్టడమే అని వీడియోలు చూసి అనుకుంటాం, ఇక్కడ పచ్చి కొమ్మ నరకకూడదు, నిలబడి ఎండిన చెట్టు కూడా పక్షులకీ పురుగులకీ ఇల్లే, దాన్నీ ముట్టుకోకూడదు. కింద పడిన పుల్లలతోనే మన పని.

దారిలో కొండ మీంచి దిగే పిల్లవాగులు దాటాలి. మేం వెళ్లినప్పుడు మోకాలి లోపే నీళ్లు, రాళ్ల మీద జాగ్రత్తగా దాటేశాం. పెద్ద వాన పడితే ఇవే వాగులు మనిషిని ఈడ్చుకుపోతాయి, అలాంటప్పుడు వెనక్కి తిరగడమే.

రెండో రాత్రికి చోటు వెతకడానికే ముప్పావు గంట పట్టింది, ఆ ముప్పావు గంట ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన భాగం. ముందు తల పైకెత్తి చూశాం, ఎండి వేలాడే కొమ్మలేమైనా ఉన్నాయా అని. తర్వాత నేల. నాచు మెత్తగా పరుపులా కనిపిస్తుంది కానీ చేత్తో నొక్కితే నీళ్లు ఊరాయంటే అది రాత్రికి మనల్ని తడిపేస్తుంది. పైన్ ఆకులు రాలి ఎండిన కొంచెం మిట్ట దొరికింది, నదికి దూరంగా, గాలి తగలకుండా. తమ్ముడు టార్పాలిన్ కట్టాడు. మనూళ్లో లారీ మీద సరుకు బిగించేటప్పుడు తాడుని మెలేసి లాగి కడతారే, అదే ముడి, పైన తాడు బిగువుగా ఉంటే చాలు, మిగతా మూలలు ఎలాగైనా సర్దుకోవచ్చు. వానలో ముందు టార్ప్ కట్టి, దాని కింద టెంటు వేసుకుంటే లోపల ఏదీ తడవదు. మొదటి రాత్రి ఇది చేసుంటే బాగుండేది.

ఆ రాత్రి మంట వేయలేదు. అడవి లోపల, పీట్ నేల మీద మంట వేయవద్దని ఇక్కడి నియమావళి స్పష్టంగా చెబుతుంది. పీట్ అంటే వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న మొక్కల మట్టి, అదే ఇంధనం, పైన మంట ఆర్పేశామనుకున్నా కింద రోజుల తరబడి రగులుతూ ఇంకో చోట పైకి లేస్తుంది. 2026 నుంచి ఈ పార్కులో ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా బయట మంట వేయడమే నిషేధం, వేసవిలో వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. మాకు గ్యాస్ స్టవ్ ఉంది. గ్యాస్ కొనేటప్పుడు ఒక్క మాట, వట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, చలికాలానికి ప్రొపేన్ కలిపిన డబ్బా తీసుకోవాలి. ఇంటి దగ్గరే రవ్వ నెయ్యిలో వేయించి, పోపు కలిపి కవర్లో కట్టుకున్నాం, నీళ్లు మరిగించి పోస్తే అయిదు నిమిషాల్లో ఉప్మా, మీద కందిపొడి. చలికి ముద్ద గొంతులోకి వెచ్చగా దిగుతుంటే తమ్ముడు మాట్లాడకుండా తిన్నాడు.

పదిన్నరకి అనుకుంటా, నదికి అవతల నుంచి ఒక అరుపు. గుండె ఆగినంత పనైంది. "అక్కా, ఏంటది?" అని వాడు లేచి కూర్చున్నాడు. మగ దుప్పి. ఇది వాటి జతకట్టే కాలం, రాత్రంతా ఒకదానికొకటి సవాలు విసురుకుంటూ అరుస్తాయి, లోతుగా, గొంతు చించుకున్నట్టు, ఎద్దు రంకెకీ పులి గాండ్రింపుకీ మధ్యలో ఉంటుంది. తెలిసి కూడా తెల్లారేదాకా సగం మెలకువగానే ఉన్నాను. మెలకువకి ఇంకో కారణం అద్దెకి తెచ్చుకున్న గాలి పరుపు. షాపులో పరీక్షించి ఇచ్చామన్నారు, రెండు గంటలకి గాలి పోయింది, నేల చలి నేరుగా వీపుకి తగిలింది. బ్యాగు ఖాళీ చేసి నడుము కింద పరుచుకుని, రెయిన్‌కోటు, మిగిలిన బట్టలు భుజాల కింద పెట్టుకుని సర్దుకున్నాను. మందమైన స్లీపింగ్ బ్యాగుకి ఎంత డబ్బు పోసినా కింద పరుపు బాగోకపోతే ఆ డబ్బంతా వృథా, ఇది నేను గట్టిగా చెబుతాను.

మూడో రోజు నది ఒడ్డుకి దిగాం. ఫెషీ నది పాయలు పాయలుగా చీలి పారుతుంది, మధ్యలో విశాలమైన గులకరాళ్ల మేటలు. మంట నేర్చుకోవడానికి ఇంతకంటే భద్రమైన చోటు లేదు, కింద కాలే మట్టి లేదు, పక్కనే నీళ్లు, గాలి కూడా లేదు. ఊరంతా తడిసి ఉన్నా పొడి కట్టె ఎక్కడుంటుందంటే కట్టె లోపలే ఉంటుంది. మణికట్టంత లావు పడిపోయిన పైన్ కొమ్మని రంపంతో కోసి, కత్తిని అడ్డంగా పెట్టి ఇంకో కట్టెతో కొట్టి నాలుగు పేళ్లు చేశాం, పైన తడిగా ఉన్నా లోపల తెల్లగా, పొడిగా ఉంది. ఆ పేడు అంచు మీద కత్తిని పడుకోబెట్టి పై నుంచి కిందికి నెమ్మదిగా తోస్తే పల్చటి చెక్క చుట్ట లేస్తుంది, దాన్ని తెగనివ్వకుండా చివర్లో ఆపేయాలి, మళ్లీ దాని పక్కనే ఇంకోటి. చేత్తో తోస్తే తెగిపోతుంది, మోచేయి బిగించి ఒళ్లంతా ముందుకు వంచితే నిలుస్తుంది. ఇరవై చుట్టలు నిలిచిన పుల్ల ఒకటి చేయడానికి నాకు అరగంట పట్టింది. తమ్ముడు కిందపడిన బర్చ్ బెరడు ముక్క తెచ్చి కత్తి వీపుతో గీకాడు, శొంఠిపొడిలా పొడి రాలింది. ఫెర్రో రాడ్ అనే లోహపు కడ్డీని కత్తితో గీస్తే నిప్పురవ్వలు రాలతాయి కానీ మూడు నాలుగు సార్లు ఏమీ కాలేదు, పొడిని గుట్టగా చేర్చి కత్తిని కదపకుండా రాడ్‌నే వెనక్కి లాగితే అంటుకుంది. పాత పైన్ మొద్దు వేరు దగ్గర జిగురు పట్టి ఎర్రబారిన చెక్క దొరికింది, గుగ్గిలం వాసన, దాని రెండు ముక్కలు వేస్తే నల్లటి పొగతో భగ్గున లేచింది. అరచేయి వెడల్పు మంట, టీ కాచుకోవడానికి సరిపడా. బొగ్గులు బూడిద అయ్యేదాకా కాల్చి, నీళ్లు పోసి, చేత్తో తడిమి చల్లబడిందని చూసి, బూడిద చెదరగొట్టి రాళ్లు తిరగేసి వచ్చాం.

ఈ పనులకోసం సెప్టెంబరులో ఒక రోజు కోర్సుకి వెళ్లాను. నేర్పినాయనకి పని బాగా వచ్చు, కానీ ఒక్క గురువుకి డజను మందిమి, కత్తి పట్టుకునే తీరు సరిదిద్దే తీరిక ఆయనకి దొరకలేదు. వెళ్లేవాళ్లు గుంపులో ఎంతమంది ఉంటారో ముందే అడగండి. కత్తి విషయం కూడా తెలుసుకోండి, మడవని కత్తి సరైన కారణం లేకుండా బయట దగ్గర పెట్టుకు తిరగడం ఇక్కడ నేరం, రైల్లో, ఊళ్లో అది బ్యాగు అడుగున చుట్టిపెట్టే ఉండాలి.

మూడో రాత్రి రూయ్ ఐటెకన్ బాథీలో పడుకున్నాం. బాథీలంటే కొండల్లోని పాత రాతి ఇళ్లు, 1965లో మొదలైన మౌంటెన్ బాథీస్ అసోసియేషన్ వాలంటీర్లు వాటిని చూసుకుంటారు, తాళం లేదు, బుకింగ్ లేదు, అద్దె లేదు. కరెంటు ఉండదు, చోటు ఉంటుందన్న భరోసా కూడా లేదు కాబట్టి టెంటు మోసుకెళ్లాల్సిందే. మేం వెళ్లేసరికి ముగ్గురు ముసలివాళ్లు పొయ్యి ముందున్నారు, జరిగి చోటిచ్చారు, తమ్ముడు మాగాయ అన్నం రుచి చూపిస్తే ఇంకా ఉందా అని అడిగారు. సౌకర్యం చూస్తే టెంటుకంటే బాథీకే నా ఓటు, కానీ నేర్చుకోవాలని వెళ్లినవాళ్లు ముందు టెంటులోనే ఒక రాత్రి గడపాలి.

బాథీలో దీపం వెలుగులో మోకాళ్ల వెనక చూసుకుంటే నాకొకటి, వాడికి రెండు పిడుదులు. పశువులకి పట్టేవే, ఇక్కడివి గసగసాల గింజంత, లైమ్ వ్యాధి తెస్తాయి. నూనె రాయడం, నిప్పు పెట్టడం చేయొద్దు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయాలి, తర్వాత కొన్ని వారాలు ఎర్రటి మచ్చ పెద్దదవుతోందేమో చూసుకోవాలి.

హైదరాబాద్ నుంచి పిన్ని ఫోన్ చేసి నల్లమలలో ఇలా కుదరదా అంది. కుదరదు పిన్నీ, అది పులుల అడవి, రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే తప్పు. మారేడుమిల్లి వైపు అటవీ శాఖ వాళ్ల క్యాంపులున్నాయి, అక్కడి కొండరెడ్లు అడ్డాకుతో, వెదురుతో చేసే పనులు చూస్తే మేం ఇక్కడ నేర్చుకున్నది అక్షరాభ్యాసం మాత్రమే అని తెలుస్తుంది.

నాలుగో రాత్రి ఏవీమోర్‌లో హాస్టల్. తడి సామాను ఆరబెట్టే వెచ్చటి గది ఒకటుంది, టెంటు, టార్ప్, సాక్సులు తాళ్ల మీద వేస్తే తెల్లారేసరికి పెళపెళ ఎండిపోయాయి. కట్టిన డబ్బు ఆ ఒక్క గదికే ఇచ్చినా న్యాయమే. మార్చిలో మళ్లీ ఫెషీకే వెళ్తున్నాం, ఈసారి గాలి పరుపు కాదు, చుట్టుకునే ఫోమ్ మ్యాట్‌లు రెండు ఇప్పటికే కొన్నాను.