14416కి ఫోన్ చేశాను: మా పాప పానిక్ అటాక్‌లు, నా హడావుడి

ఇది టెలి మానస్ గురించి, అదే 14416. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఫోన్ సేవ. రూపాయి ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. సర్కారు నంబరు కదా, ఎవరెత్తుతారులే అని మూడు నెలలు నేను చెయ్యనేలేదు. అసలు కారణం వేరే ఉందిలెండి. మనవైపు ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అంటాం కదా, అంటే అక్కడున్న పిచ్చాసుపత్రికని, ఆ మాట వందసార్లు అన్నవాణ్ణి నేను.

మా పాప బీటెక్ మొదటి సంవత్సరం, హైదరాబాద్‌లో హాస్టల్. మేం ఖమ్మంలో. ఓ రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి "నాన్నా, గుండె ఆగిపోయేలా ఉంది, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, చచ్చిపోతానేమో" అంది. వార్డెన్ ఆటోలో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు, రాత్రంతా ఐసీయూలో అబ్జర్వేషన్. అన్నీ నార్మల్. మొదటిసారి పరీక్షలు చేయించడం తప్పని నేననను, చేయించాల్సిందే. కానీ డిశ్చార్జి కాగితం మీద "యాంగ్జైటీ" అని ఒక్క ముక్క రాసి బిల్లు చేతిలో పెట్టారు. అదేంటో, మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో చెప్పిన పాపాన పోలేదు.

మళ్ళీ వచ్చింది. ఇంటికి తెచ్చాం. మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, బావమరిది గ్యాస్ అన్నాడు, నేనేమో ఆ ఫోన్ చూడటం వల్లే అన్నాను. ఒక యాప్‌లో ఆరు సెషన్ల ప్యాకేజీ కొన్నాం. ఆ కౌన్సెలర్‌కి తెలుగు రాదు, మా పిల్లకి ఇంగ్లీషులో ఏడుపు రాదు. రెండో సెషన్‌కే ఆ కౌన్సెలర్ పోయి ఇంకొకరు వచ్చారు. మూడోదానికి పాప కూర్చోనంది.

చివరికి ఓ రాత్రి డాబా మీదకెళ్ళి 14416 కొట్టాను. భాష ఎంచుకున్నాక ఒకావిడ లైన్లోకి వచ్చారు. పేషెంట్ నేను కాదండీ, మా అమ్మాయి అన్నాను. పర్లేదు, చెప్పండి అన్నారు. పావుగంట చెప్పాను. అంతా విని ఒకటే అడిగారు: "అది వచ్చినప్పుడు మీరేం చేస్తారండీ?"

ఏం చేస్తాను? ఫ్యాన్ పెంచుతాను, నీళ్ళు తాగమంటాను, అరికాళ్ళు రుద్దుతాను, "ఏం కాలేదురా, టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అని అరుస్తుంటాను, మధ్యలో బావమరిదికి ఫోన్ చేస్తాను, హాస్టల్లో ఉంటే చేతిలో పని వదిలేసి బస్సెక్కేస్తాను. చెప్తుంటే నాకే సిగ్గేసింది, పక్కన ఇంత గోల జరుగుతుంటే బాగున్నవాడికైనా గుండె దడ రాదూ.

ఆవిడ తిట్టలేదు. ఈ పానిక్ అటాక్ మామూలుగా ఒక పది నిమిషాల్లో బాగా పెరిగి, తర్వాత దానంతటదే దిగుతుందట. గబగబా ఊపిరి తీయడంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయట, తల తిరుగుతుందట. సినిమాల్లో చూపించే కాగితం సంచీ వద్దన్నారు. మాటలు తగ్గించి పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోనా అని అడిగి పట్టుకోండి, నెమ్మదిగా ఊపిరి వదలమని తనకి చెప్పేకన్నా ముందు మీరు వదలండి, తనే మిమ్మల్ని చూసి అందుకుంటుంది అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది గుచ్చుకుంది: అటాక్ వచ్చిన ప్రతిసారీ క్లాసు మానిపించి ఇంటికి తెచ్చేస్తుంటే, ఆ క్లాసు నిజంగానే ప్రమాదమని ఆ భయం తరఫున మీరే సాక్ష్యం చెప్పినట్టు.

అయితే ఫోన్‌తో వైద్యం అయిపోతుందనుకోకండి. ఆవిడే సైకియాట్రిస్టుకి చూపించమన్నారు, ప్రభుత్వాసుపత్రి ఓపీలో చూపించాం. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూశారు, పని చెయ్యడానికి కొన్ని వారాలు పట్టే మందొకటి రాశారు, సీబీటీ అనే థెరపీకి, అంటే భయపెట్టే ఆలోచనల్ని, అలవాట్లని మాటలతో మార్చుకోవడం నేర్పేదానికి, పంపారు. మా చుట్టం మెడికల్ షాపాయన చీటీ లేకుండా ఇస్తానన్న ఆల్‌ప్రజోలం అనే కంగారు తగ్గించే మాత్ర సంగతి చెప్తే డాక్టర్‌గారు గట్టిగానే వద్దన్నారు, అలవాటైపోతుందట.

14416కి మార్కులంటారా, ఐదుకి నాలుగున్నర. మిగతా అర, ఈ నంబరు జనానికి ఇంకా తెలియనందుకు. పాప కాలేజీ నోటీసు బోర్డు మీద ఫీజు గడువు రెండు చోట్ల అంటించారు, ఇది ఎక్కడా లేదు.

పోయిన నెల మళ్ళీ ఫోన్ వచ్చింది, రాత్రి పన్నెండుకి. "నేనున్నాను, ఇది తగ్గుతుంది" అని ఊరుకున్నాను. అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏం లేదు. చాలాసేపటికి "నాన్నా, ఉన్నావా?" అంది. "ఉన్నా." "పొద్దున్నే ల్యాబ్ ఉంది, పడుకుంటా" అని పెట్టేసింది.

నేను మాత్రం అప్పటిదాకా చెప్పులేసుకునే కూర్చున్నాను.