డిఫరెన్షియల్ ఎన్‌కోడర్ అని అమ్మి, లోపల మూడు వైర్లు కోసి పంపుతున్నాడు. కొనేవాళ్లు జాగ్రత్త

పేరు రాయను, రాయకపోయినా మీకు తెలుసు. ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో పల్స్‌లుగా చెప్పేది) అయినా ప్రాక్సిమిటీ సెన్సర్ అయినా ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై అయినా వెతికితే మొదట తగిలేది ఆ సెల్లరే. 1000 పీపీఆర్ (చుట్టుకు వెయ్యి పల్స్‌లు), 5 వోల్ట్, ఆర్‌ఎస్-422 లైన్ డ్రైవర్ (ప్రతి సిగ్నల్‌నూ, దాని తలకిందులనూ రెండు వైర్లలో పంపేది, డిఫరెన్షియల్ అంటే అదే), ఎనిమిది వైర్లు అని పెట్టాడే, రూ.2,650ది, అది. కొనకండి. ఆల్రెడీ కొనుంటే ఈ రాత్రికే టెస్ట్ చేయండి, రిటర్న్ గడువు ఏడు రోజులే. నాకు అది దాటిపోయింది. ఎందుకు దాటిందంటే, తప్పు సరుకుది కాదు, నా ఫిల్టర్‌దే అని వాడు చెబితే నమ్మాను కాబట్టి.

పని చిన్నదే. ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ మెషిన్, కన్వేయర్ రోలర్ 300 ఆర్‌పీఎం, మోటారుకు వీఎఫ్‌డీ (స్పీడ్ మార్చే డ్రైవ్, నాయిస్ బాగా కక్కుతుంది). ఎన్‌కోడర్ నుంచి ఐదు మీటర్ల కేబుల్, ప్యానెల్‌లో ఏఎం26ఎల్ఎస్32 రిసీవర్ (జత వైర్ల మధ్య తేడా చదివే చిప్), ఆ జత మధ్య 120 ఓమ్ టెర్మినేషన్, అక్కడి నుంచి ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్. టేబుల్ మీద చేత్తో ఒక చుట్టు తిప్పితే సరిగ్గా 4000 కౌంట్ (పల్స్‌కు ఎ, బి చానెళ్లవి కలిపి నాలుగు ఎడ్జ్‌లు). మెషిన్‌కు బిగించి వీఎఫ్‌డీ ఆన్ చేస్తే స్పీడ్ 280, 410, 190, ఇష్టమొచ్చినట్టు. కప్లింగ్ విప్పి షాఫ్ట్ కదలకుండా పట్టుకున్నా కౌంట్ కదులుతోంది.

వాట్సాప్‌లో ఆ సెల్లర్‌ను అడిగితే మొదటి జవాబు: "4.7కె, 0.1 మైక్రోఫారడ్ ఆర్‌సీ పెట్టండి సార్, నాయిస్ పోతుంది." పోతుంది, నిజమే. సిగ్నల్ కూడా దాంతోపాటే పోతుంది. ఆ ఆర్‌సీ ఫిల్టర్ కటాఫ్ దాదాపు 340 హెర్ట్జ్, అంతకంటే వేగమైన సిగ్నల్‌ను మింగేస్తుంది. 300 ఆర్‌పీఎం దగ్గర 1000 పీపీఆర్ అంటే ఎ చానెల్‌లో 5000 హెర్ట్జ్. దాంట్లోంచి బయటికొచ్చేది పదిహేనో వంతు. పెట్టగానే మీటర్ సున్నా. లెక్క కాగితం మీద వేసి చూపించినా "అందరికీ నడుస్తోంది సార్" అనే.

తర్వాత సొంత తెలివి. ఎస్‌టీఎం32 టైమర్ ఇన్‌పుట్ ఫిల్టర్ 15కు పెంచి, సీకేడీ (ఆ ఫిల్టర్ క్లాక్‌ను భాగించేది) నాలుగు పెట్టాను. 72 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఎనిమిది శాంపిళ్లు, అంటే సుమారు 14.2 మైక్రోసెకన్లు. 300 ఆర్‌పీఎంలో ఎ, బి ఎడ్జ్‌ల మధ్య ఎడం 50 మైక్రోసెకన్లు కాబట్టి ఇబ్బంది లేదు. (ఇదే ఎన్‌కోడర్‌ను 1500 ఆర్‌పీఎం మోటార్ షాఫ్ట్‌కే పెడితే ఆ ఎడం 10కి పడిపోతుంది, అక్కడ 15 పెట్టొద్దు.) అయినా కౌంట్ తప్పే. యావరేజ్ కూడా పెట్టాను, సిగ్గు లేకుండా. యావరేజ్ తప్పును దాస్తుంది, అంతే.

అసలు సంగతి స్కోప్ పెట్టాక తెలిసింది. 120 ఓమ్ తీసేసి చూస్తే ఎ చక్కగా 0, 5 మధ్య ఆడుతోంది. ఎ బార్ (ఎకు తలకిందులు రావాల్సిన) వైర్‌లో ఏమీ లేదు, చచ్చిన గీత. గ్లాండ్ విప్పి, నల్ల స్లీవ్ చీల్చాను. బోర్డుకు అంటించినవి ఐదే: 5 వోల్ట్, సున్నా, ఎ, బి, జెడ్ (చుట్టుకు ఒక్క పల్స్). మిగిలిన మూడూ, అంటే ఎ, బి, జెడ్‌ల బార్‌లు, స్లీవ్ కింద ఒకే ఎత్తున కట్టర్‌తో నున్నగా కోసి, చివర్లకు జిగురు చుక్క. తెగిపోయినవి కావు, కొలిచి కోసినవి. బోర్డు మీద ఆ మూడింటికి ప్యాడ్లే లేవు. మామూలు ఐదు వైర్ల ఎన్‌కోడర్‌కు ఎనిమిది వైర్ల తోక తగిలించి అమ్ముతున్నాడన్నమాట. కష్టపడ్డాడు పాపం.

అలాంటప్పుడు టేబుల్ మీద ఎట్ల నడిచింది? ఎ బార్ గాల్లో ఉంటే 120 ఓమ్ గుండా అది కూడా ఎ వెంటే పోతుంది. రిసీవర్‌కు కనబడే తేడా కొన్ని పదుల మిల్లీవోల్ట్‌లే. దానికి గ్యారంటీగా కావాల్సింది 200. నాయిస్ లేని చోట ఆ కాస్తతోనే నెట్టుకొస్తుంది. వీఎఫ్‌డీ పక్కన ఒక్క స్పైక్ తగిలితే రిసీవర్ అవుట్‌పుట్ తిరగబడి, తర్వాతి ఎడ్జ్ వచ్చేదాకా హిస్టెరిసిస్ (ఉన్న స్థితిని సులభంగా వదలని గుణం) పుణ్యాన అక్కడే కూర్చుంటుంది. గ్లిచ్ పొట్టిగా ఉంటే కదా 14 మైక్రోసెకన్ల ఫిల్టర్ కొట్టేసేది! ఇది పొడుగాటి అబద్ధం. ఏ ఫిల్టరూ పట్టుకోదు.

ఫోటోలు పంపాను, కోసిన మూడు చివర్లూ దగ్గర్నుంచి తీసి. ఇరవై నిమిషాలకు జవాబు: "మీరే విప్పారు కదా సార్, వారంటీ పోయింది." తర్వాత ఇంకోటి, ఎవరూ అడక్కుండానే: "అయినా మీ కడప సైడ్ ఎర్తింగ్ ఉండదు సార్, అంతా రాళ్ల నేల." ఎర్త్ పిట్ కొలత 2 ఓమ్‌ల లోపే ఉంది, ఆ రిపోర్ట్ కూడా పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, తర్వాత బ్లాక్. వైర్లు కోసి పంపినోడు మన నేలకు వంక పెడుతున్నాడు చూడండి.

రెండు నిమిషాల టెస్ట్ మొదటిరోజే చేసుంటే ఈ పోస్ట్ ఉండేది కాదు. కేబుల్‌ను దేనికీ కలపకుండా 5 వోల్ట్ మాత్రం ఇచ్చి, షాఫ్ట్‌ను వేలితో మెల్లగా తిప్పుతూ మల్టీమీటర్‌తో ఎ, ఎ బార్ రెండూ సున్నా వైర్‌కు చూడండి. ఒకటి 2.5 పైన ఉంటే రెండోది 0.5 కింద ఉండాలి, ఎప్పుడూ ఎదురెదురుగా. బి, జెడ్ జతలు కూడా అంతే. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి.

నాలాగా ఇరుక్కున్నవాళ్లు రిసీవర్ పక్కన పెట్టేయండి. ఎ, బి ఒక్కోదానికి ప్యానెల్ దగ్గర సిరీస్‌లో 1కె, గ్రౌండ్‌కు 1 నానోఫారడ్, ఆ తర్వాత 5 వోల్ట్ మీద 74హెచ్‌సీ14 (ష్మిట్ ఇన్వర్టర్ చిప్). అక్కడి నుంచి టైమర్ 4, పీబీ6, పీబీ7కు. ఆ పిన్‌లు 5 వోల్ట్ తట్టుకుంటాయి, పీఏ6, పీఏ7 తట్టుకోవు. రెండు చానెళ్లూ ఇన్వర్ట్ అవుతాయి కాబట్టి దిశ మారదు. షీల్డ్ ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, కేబుల్ మోటార్ వైర్ల ట్రేలో వేయొద్దు. ఇన్‌పుట్ ఫిల్టర్ 15 అలాగే ఉంచండి. ఐదు మీటర్ల దాకా ఇది నిలబడింది. అంతకంటే దూరమైతే నిజమైన లైన్ డ్రైవర్ ఉన్నదే కొనాలి, వేరే చోట.