బర్రె చేపకముందే పైసలు: నర్సంపేట దారిలో రెండు బసలు

వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా పాకాల చెరువు దాదాపు 50 కిలోమీటర్లు. రోడ్డుకూ చెరువుకూ వంక పెట్టాల్సిన పని లేదు. చెప్పాల్సింది దారిలో బస చేసిన రెండు పాడి ఇళ్ల గురించే.

మొదటిదాంట్లో మనిషికి 1,800 రూపాయలు, 'పాలు పిండే అనుభవం' పేరిట ఇంకో 250. తెల్లారుజామున పిండాల్సిన బర్రెను అతిథుల కోసం ఎనిమిదింటిదాకా ఆపి, పన్నెండు మందిని ఒక్కసారే కొట్టంలోకి తోలారు. పొదుగు బిగిసి అది కాళ్లు ఝాడిస్తోంది. కొత్త మనుషులకు, సెల్‌ఫోన్ల వెలుగుకు బెదిరిన బర్రె చేపదు, అంటే చన్నుల్లోకి పాలు దించదు. భయంతో ఊరే అడ్రినలిన్, పాలు దించే ఆక్సిటోసిన్ హార్మోన్‌కు అడ్డుపడుతుంది. చేపడానికి పనివాడు దుడ్డెను (బర్రె దూడను) విడవనే లేదు, సూది పొడిచాడు. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. అడిగితే "అందరూ వేస్తరు" అన్నాడు. పైసలు వాపసు ఇవ్వలేదు. పిల్లలు కారెక్కేదాకా నోరు విప్పలేదు.

రెండోది నాలుగు బర్రెల ఇల్లు. మనిషికి 700, రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు అందులోనే. దోమలున్నాయి, స్నానాల గది బయట. కానీ పాడి తెలిసిన ఇల్లు.

పావు తక్కువ ఐదింటికి లేపారు. ఒక్కో బర్రె దగ్గర ఒక్కరే కూర్చోవాలి. ముందు దుడ్డెను విడిచారు. రెండు నిమిషాలకు చన్నులు నిండి బిగిస్తే చేపినట్టు. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిచారు. మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూశారు; పాలలో ముద్దలు గానీ నెత్తురు జీర గానీ కనిపిస్తే పొదుగువాపు. పిడికిలి నిండా పట్టి పిండాలి. బొటనవేలు మడిచి నొక్కితే చన్ను లోపల కమిలి, రానురాను గట్టిపడుతుంది. ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ముగించాలి, చేపు అంతవరకే నిలుస్తుంది.

పిండగానే ముందర పచ్చగడ్డి వేశారు. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. ఆలోగా పేడలో పడుకుంటే రోగం లోపలికి పోతుంది. మేత ఉంటే నిలబడే ఉంటుంది. దాణా లెక్క కూడా నోటికి చెప్పారు: బర్రె ఒంటి పోషణకు రోజుకు రెండు కిలోలు, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో.

ఇలాంటి బసకు ఫోన్ చేస్తే గదుల గురించి తర్వాత అడగండి. పాలు ఎన్నింటికి పిండుతారు, దుడ్డెను విడుస్తారా అని ముందు అడగండి. ఎనిమిదింటికి అంటే ఫోన్ పెట్టేయండి.