మిర్యాలగూడ మిల్లు కంప్యూటర్, నల్గొండ ఇల్లు: టెయిల్‌స్కేల్‌తో రెండేళ్లు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు లెక్కలు రాస్తాను. ఉండేది నల్గొండలో, దాదాపు 40 కిలోమీటర్లు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఉన్నది మిల్లు కంప్యూటర్‌లో. నెలనెలా 20వ తారీఖు లోపు జీఎస్టీ 3బీ రిటర్న్ వేయాల్సింది నేను. వడ్ల సీజన్‌లో రోజూ బస్సెక్కి పోలేక, ఇంటి నుంచే మిల్లు కంప్యూటర్‌ను తెరిచి వాడుకునే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుందామనుకున్నాను.

మొదటి వారమంతా మిల్లు రౌటర్‌తోనే సరిపోయింది. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారిని, ఫార్వర్డ్ చేశాను, ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూశాను, కలవలేదు. అసలు సంగతి రౌటర్ పేజీలోనే ఉంది. 192.168.1.1 తెరిచి స్టేటస్‌లో చూస్తే వాన్ ఐపీ, అంటే ప్రొవైడర్ రౌటర్‌కు ఇచ్చిన అడ్రసు, 100.72తో మొదలైంది. అదే కంప్యూటర్‌లో 'నా ఐపీ ఎంత' అని గూగుల్‌లో వెతికితే వేరే నంబర్ వచ్చింది. 100.64 నుంచి 100.127 దాకా ఉండేవి సీజీనాట్ అడ్రసులు. అంటే ఒక్క పబ్లిక్ ఐపీనే ప్రొవైడర్ చాలామందికి కలిపి వాడుతున్నాడు. ఇక మన రౌటర్‌లో పోర్టు తెరవడమంటే, మిల్లు గేటుకు తాళం ఉండగా లోపల ఆఫీసు గది తలుపు తీసిపెట్టడమే. మీరు కూడా ముందు ఈ రెండు నంబర్లూ పోల్చి చూడండి, రెండు నిమిషాల పని.

పోర్టు తెరుచుకోకపోవడమే నయమైంది. 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు వదిలితే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ వస్తూనే ఉంటాయి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడ్డప్పుడు మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

చివరికి టెయిల్‌స్కేల్ పెట్టాను. దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే ప్రోగ్రాం అది. దానికి బయటి నుంచి పోర్టు అక్కర్లేదు. రెండు కంప్యూటర్లూ లోపలి నుంచే బయటికి వచ్చి కలుసుకుంటాయి. నేరుగా కుదరకపోతే మధ్యలో రిలే అనే సర్వర్ ద్వారా పోతుంది, అప్పుడు కొంచెం నిదానం. రెండు వైపులా ఒకే అకౌంట్‌తో లాగిన్ అయ్యి, అది మిల్లు కంప్యూటర్‌కు ఇచ్చిన అడ్రసును రిమోట్ డెస్క్‌టాప్‌లో కొడితే చాలు. మిల్లు కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌లోకి ఇలా రాలేం. పిన్ కూడా పనిచేయదు, అసలు పాస్‌వర్డే కావాలి.

ఆ తర్వాత టెన్షన్ అంతా కరెంటుతోనే. "అన్నా, కరెంటు పోయొచ్చింది, కంప్యూటర్ ఆన్ చేసిన" అని గుమాస్తా ఫోన్ చేసేవాడు, అయినా నాకు కలిసేది కాదు. అక్కడ ఎవరూ లాగిన్ కాకపోతే టెయిల్‌స్కేల్ కనెక్ట్ కాదు మరి. ప్రిఫరెన్సెస్‌లో 'రన్ అన్‌అటెండెడ్' టిక్ చేశాక ఆ బాధ పోయింది. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) పెట్టాను, స్లీప్ ఆపేశాను. టెయిల్‌స్కేల్‌లో 180 రోజులకు కీ గడువు అయిపోయి మళ్లీ లాగిన్ కావాల్సిన ఏర్పాటు కూడా ఉంది. మనిషి లేని చోట పెట్టిన కంప్యూటర్‌కు ఆ గడువు తీసేయాలి.

పోయిన నెల 19న రాత్రి రెండు బిల్లులు తేడా వచ్చాయి. ఇంట్లో కూర్చునే సరిచేసి, పదకొండు లోపు 3బీ వేసి పడుకున్నాను.