ఖర్చుల కాగితం ముందే చేతిలో పెట్టిన దత్తత సంస్థ

మేము ఎంచుకున్న దత్తత సంస్థ సేవల గురించి ఇది నా రివ్యూ. పేరు రాయడం లేదు. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి, మా ఫైలు ఇంకా వాళ్ళ దగ్గరే నడుస్తోంది. వేరే దేశంలో పుట్టిన బిడ్డను పెంచుకోవాలని మా ఆయనా నేనూ నిర్ణయించుకున్నాక హోమ్ స్టడీ (బిడ్డను పెంచడానికి మా ఇల్లూ మేమూ తగినవాళ్ళమో కాదో చూసి రాసే నివేదిక), తల్లిదండ్రుల శిక్షణ, పత్రాల తయారీ, డబ్బు కూడగట్టుకోవడంలో సలహా అన్నీ వీళ్ళ దగ్గరే తీసుకున్నాం. పత్రాలు అవతలి దేశానికి వెళ్ళాయి. బిడ్డ కోసం ఎదురుచూస్తున్నాం. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను.

ముందు ఖర్చుల కాగితం సంగతి. అంతకుముందు మేం మాట్లాడిన ఒక సంస్థ మొత్తం కలిపి ఒకే అంకె చెప్పింది. అందులో ఏమేముందని మా ఆయన అడిగితే "అన్నీ కలిపే సార్" అన్నారు. అవతలి దేశంలో ఖర్చుల పేరుతో ఉన్న పెద్ద మొత్తం ఎవరి చేతికి వెళ్తుందో ఎంత అడిగినా చెప్పలేదు. అక్కడితో వాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేశాం.

వీళ్ళు అలా కాదు. మేం ఇంకా దరఖాస్తు కూడా పెట్టకముందే వరసలు వరసలుగా విడగొట్టిన పట్టిక చేతిలో పెట్టారు. హోమ్ స్టడీకి ఎంత, అనువాదాలకు ఎంత, నోటరీకి, మన పత్రాలు వేరే దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్రకు ఎంత, అక్కడి లాయరుకు, కోర్టుకు ఎంత, బిడ్డ వైద్య పరీక్షలు, పాస్‌పోర్టు, వీసా, ఇంటికి వచ్చాక అక్కడి ప్రభుత్వానికి మేం పంపాల్సిన నివేదికలు, అన్నీ విడివిడిగా. ప్రతి వరసకూ మూడు గడులు ఉన్నాయి: ఎవరికి కట్టాలి, ఎప్పుడు కట్టాలి, పని మధ్యలో ఆగిపోతే తిరిగి వస్తుందా రాదా. ఆ మూడో గడి చూశాకే వీళ్ళ మీద నాకు నమ్మకం కుదిరింది. చాలాచోట్ల "రాదు" అనే రాసి ఉంది. అయినా ముందే చెప్పారు కదా.

ఇలా చూపించడం వాళ్ళు మాకు చేసిన మేలేమీ కాదని తర్వాత తెలిసింది. దేశాల మధ్య జరిగే దత్తతల కోసం 1993 మే 29న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది, 1995 మే 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. ఒక్కో దేశంలో ఒక కేంద్ర సంస్థ ఈ వ్యవహారం చూస్తుంది, భారతదేశంలో అయితే కారా (కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ). ఆ ఒప్పందంలో 32వ అధికరణం పూర్తిగా డబ్బు గురించే. దత్తత పేరు చెప్పి ఎవరూ అనుచితమైన లాభం పొందకూడదు, అయిన ఖర్చులూ సముచితమైన వృత్తి రుసుమూ తప్ప ఇంకేమీ వసూలు చేయకూడదు, సంస్థలో పనిచేసేవాళ్ళ జీతాలు కూడా చేసే పనికి మించి మరీ ఎక్కువ ఉండకూడదు అని అందులో ఉంది. విడగొట్టిన లెక్క చూపించని సంస్థ ఈ నియమం పాటిస్తోందో లేదో మనకెలా తెలుస్తుంది? మీరు ఏ సంస్థ దగ్గరికి వెళ్ళినా మొదట ఈ పట్టిక అడగండి. ఎంతకాలం పడుతుందన్నది తర్వాత అడగొచ్చు.

మా పొదుపు ఈ ఖర్చులకు చాలలేదు. నలుగురినీ అడగక తప్పదని అర్థమయ్యాక, ఈ సంస్థలో ఆర్థిక సలహా చూసే ఆవిడతో కూర్చున్నాం. నిజానికి ఈ రివ్యూ రాస్తున్నది ఆవిడ కోసమే.

సహాయం కోరుతూ మా మరిది ఎంతో ప్రేమగా ఒక విన్నపం రాసి ఇచ్చాడు. "ఒక అనాథకు జీవితం ఇద్దాం రండి" అని మొదలవుతుంది. ఆవిడ అది చదివి, ఎర్ర పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశారు. "ఆ బిడ్డ అనాథో కాదో మనకింకా తెలియదమ్మా. పిల్లల గృహాల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. రేపు ఆ బిడ్డకు పదిహేనేళ్ళు వచ్చాక ఇది చదివితే ఏమనుకోవాలి?" అన్నారు. ఆ తర్వాత మాకు ఒక పద్ధతి చెప్పారు. విన్నపంలో మా గురించి ఎంతైనా రాసుకోవచ్చు: ఎందుకు పెంచుకోవాలనుకుంటున్నాం, ఎంత కూడబెట్టాం, ఇంకా ఎంత కావాలి. బిడ్డ గురించి మాత్రం ఏమీ రాయకూడదు. రేపు ఫలానా బిడ్డ అని వివరాలు వచ్చాక కూడా ఫొటో, పేరు, ఆరోగ్యం, కన్నవాళ్ళ సంగతి, ఏదీ బయట పెట్టకూడదు. కోర్టు తీర్పు రాకముందు ఆ బిడ్డ చట్టప్రకారం మన బిడ్డ కాదు. వచ్చాక కూడా ఆ కథ ఆ బిడ్డదే.

మనసును తాకే ఫొటో పెడితే డబ్బు త్వరగా వస్తుందని అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. తెలిసీ వద్దన్నారు. డబ్బు నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదని చెప్పే దత్తత సంస్థ నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఇంకో సంగతి. విదేశీ దత్తతకు డబ్బు కూడగట్టే కుటుంబాలు చాలాచోట్ల ఒక పని చేస్తాయి. వందల ముక్కల పజిల్ కొని, ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇంత అని ఇచ్చి, ముక్క వెనక దాత పేరు రాసి, అన్నీ కలిపి ఫ్రేము కట్టించి బిడ్డ గదిలో తగిలిస్తారు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. ఆవిడ వద్దని అనలేదు. "గోడ మీద మాత్రం పెట్టకండి. తను ఇంటికి రావడానికి ఎవరెవరు డబ్బిచ్చారో ఆ బిడ్డ రోజూ నిద్ర లేస్తూ చూడాల్సిన అవసరం లేదు" అన్నారు. మా ఆయనకు అది మరీ సున్నితంగా ఆలోచించినట్టు అనిపించింది. నాకు మాత్రం ఆ మాటలో పెద్ద న్యాయం కనిపించింది. మా దాతల పేర్లు ఒక పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం మా బీరువాలో ఉంటుంది, కృతజ్ఞత చెప్పాల్సింది మేము కాబట్టి.

డబ్బు విషయంలో ఆవిడ పెట్టించిన కట్టుబాట్లు కూడా చెప్పాలి. వచ్చిన ప్రతి పైసా విడి ఖాతాలోకే వెళ్ళాలి, అందులోంచి ఇంటి ఖర్చుకు తీయకూడదు. ఎంత కావాలన్నది ఆ పట్టికలోని మొత్తాన్ని బట్టే చెప్పాలి, గుండ్రంగా పెంచి చెప్పకూడదు. దత్తత జరగకపోతే మిగిలిన డబ్బు ఏమవుతుందో విన్నపంలోనే రాయాలి. మేము "మిగిలింది ఇచ్చినవాళ్ళకే ఇచ్చేస్తాం, అప్పటికే ఖర్చయింది తిరిగి రాదు" అని రాశాం. ఆ వాక్యం చదివి ఒక్కరు కూడా వెనక్కి తగ్గలేదు సరికదా, మా ఆయన ఆఫీసులో ఇద్దరు ఆ వాక్యం చూసే ఇచ్చామని చెప్పారు. పాత సామాన్లు అమ్మాం. మా ఆయన సెలవు రోజుల్లో లెక్కల ట్యూషన్లు చెప్పారు. బంధువులు కొందరు వడ్డీ లేకుండా అప్పిచ్చారు, పత్రం రాసి మరీ తీసుకున్నాం. దత్తత కోసం ఇచ్చే గ్రాంటు ఒకటి వచ్చింది. అది మా చేతికి రాలేదు, నేరుగా సంస్థకే వెళ్ళింది, అదే మంచిది కూడా.

మా అత్తయ్యకు ఈ చేయి చాచడం మొదట్నుంచీ నచ్చలేదు. "బిడ్డను తెచ్చుకోవడానికి ఊరందరినీ అడుక్కోవడం ఏంటమ్మా?" అని బాధపడ్డారు. మాటలతో లాభం లేదని ఆ పట్టిక ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివారు. చదివి, మేమిద్దరం ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగారు. "ఇందులో కన్నతల్లికి ఏమీ లేదేం?"

మరుసటి సమావేశానికి ఆమెను కూడా తీసుకెళ్ళాం. సలహాదారు ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. కన్నవాళ్ళ సమ్మతిని డబ్బిచ్చి గానీ మరే ప్రతిఫలం ఇచ్చి గానీ రాబట్టకూడదు, తల్లి సమ్మతి అవసరమైన చోట బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, ఇవన్నీ హేగ్ ఒప్పందం 4వ అధికరణంలో ఉన్నాయి, అందుకే ఆ వరస లేదు అన్నారు. అత్తయ్య కాసేపు ఆలోచించి, "మరి ఆమె ఇబ్బందులు తాళలేక ఇచ్చేస్తుంటే? ఇంత డబ్బు ఆమెకే ఇస్తే బిడ్డ ఆమె దగ్గరే ఉండేది కదా?" అన్నారు.

ఆవిడ ఆ ప్రశ్నను దాటేయలేదు. ముందు కన్నవాళ్ళ దగ్గర ఉండే వీలు, లేకపోతే ఆ దేశంలోనే ఇంకో కుటుంబం, ఇవి చూశాకే బిడ్డను బయటి దేశానికి పంపాలన్నది నియమమని చెప్పారు. నియమం ఉన్నంత మాత్రాన ప్రతిచోటా పాటించారని కాదని కూడా ఆవిడే చెప్పారు. దక్షిణ కొరియాలో సత్య శోధన కమిషన్ 2025 మార్చిలో బయటపెట్టిన సంగతులు వివరించారు. తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా నమోదు చేసి, రికార్డులు మార్చి, దశాబ్దాల పాటు విదేశాలకు పంపారని, ఆ తప్పులో ప్రభుత్వానిదీ బాధ్యతేనని ఆ కమిషన్ తేల్చింది. "అందుకే బిడ్డ వివరాల నివేదిక వచ్చినప్పుడు తొందరపడి సంతకం పెట్టకండి. సమ్మతి పత్రం ఎక్కడుంది, స్వదేశంలో కుటుంబం కోసం ఏం ప్రయత్నం చేశారు, ఈ రెండూ అడగండి. జవాబు రాకపోతే ఆగండి" అన్నారు. అత్తయ్య ఆ తర్వాత తన గొలుసు ఇస్తానన్నారు. మేం తీసుకోలేదు. మనసు కుదుటపడింది, అది చాలు.

శిక్షణ తరగతుల గురించి క్లుప్తంగా చెప్తాను. బాగున్నాయి. రొమేనియాలోని పిల్లల గృహాల నుంచి బ్రిటన్ కుటుంబాలకు దత్తత వెళ్ళిన పిల్లలను మైకేల్ రట్టర్ అనే పిల్లల మానసిక వైద్యుడి బృందం ఏళ్ళ తరబడి గమనించిన సంగతి ఒక రోజంతా చెప్పారు. ఆరు నెలల లోపు బయటపడిన పిల్లలు చాలావరకు మామూలుగానే ఎదిగారు, అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నవాళ్ళలో కొందరికి ఇబ్బందులు పెద్దయ్యాక కూడా మిగిలాయి. ప్రేమ చూపిస్తే అన్నీ సర్దుకుంటాయని మాతో అన్నవాళ్ళందరికీ ఈ పాఠం వినిపించాలనిపించింది. బిడ్డ తిండి దిండు కింద దాచుకుంటే తిట్టకుండా, ఎప్పుడూ అందేలా ఒక డబ్బా పెట్టమన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఒళ్ళోకి కూడా ఇట్టే వెళ్ళిపోతే కలివిడితనమని మురిసిపోవద్దన్నారు. మొదటి వారాల్లో తినిపించడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం మేమిద్దరమే చేయాలి. చూడటానికి వచ్చే బంధువులకు ఇది ముందే చెప్పి ఒప్పించుకోవాలి. అలా చిన్నప్పుడు వేరే దేశం నుంచి వచ్చి పెరిగిన ఒకాయన వచ్చి మాట్లాడారు. ఆయన మాట్లాడిన రోజు గదిలో ఎవరూ ఫోను ముట్టుకోలేదు. అలాంటివాళ్ళను ఒక్కరినే కాదు, ఇంకా పిలవాలి.

ఇక ఐదో నక్షత్రం ఎందుకు ఇవ్వలేదంటే, పత్రాల విభాగం బాగోలేదు. వైద్య పత్రానికీ పోలీసు పత్రానికీ గడువు ఉంటుంది. ఎదురుచూపు సాగితే అవి మళ్ళీ తీయాలి, మళ్ళీ అనువాదం, మళ్ళీ ముద్ర. ఈ రెండోసారి ఖర్చు అంత వివరంగా ఉన్న ఆ పట్టికలో ఎక్కడా లేదు. గడువు దగ్గరపడుతోందని గుర్తుచేయాల్సింది వాళ్ళు, చేసింది మా ఆయన. పత్రాలు ఎక్కించే వెబ్‌సైటు సగంలో ఆగిపోతుంది. మా ఫైలు చూసే ఉద్యోగి మారితే మాకు చెప్పేవాళ్ళు లేరు. గ్రాంటుల జాబితా పాతబడింది, అందులో కొన్ని ఎప్పుడో ఆగిపోయాయి.

వీటన్నిటికన్నా పెద్ద లోపం సంస్థతో మేం చేసుకున్న ఒప్పంద పత్రంలో ఉంది. దేశాలు విదేశీ దత్తతలకు తలుపులు మూసేస్తాయి. ఇథియోపియా 2018 జనవరిలో మూసింది. చైనా 2024 సెప్టెంబరులో, దగ్గరి బంధువులకు తప్ప విదేశీ దత్తతలు ఇక ఉండవంది. బిడ్డ ఫలానా అని తెలిసి ఏళ్ళుగా ఎదురుచూస్తున్న కుటుంబాలు కూడా అలాగే ఉండిపోయాయి. అలా జరిగితే కట్టిన డబ్బు సంగతి "సంస్థ నిర్ణయం ప్రకారం" అని మాత్రమే పత్రంలో ఉంది. అది మా సొంత డబ్బైతే ఏదోలే అనుకునేవాళ్ళం. నలుగురి డబ్బుకు అలా ఒప్పుకోలేం. మేము గట్టిగా పట్టుబడితే, అప్పటికి ఖర్చుకాని మొత్తం తిరిగి ఇస్తామని గానీ, మేము కోరితే ఇంకో దేశం దరఖాస్తుకు మారుస్తామని గానీ విడి కాగితం మీద రాసి సంతకం చేశారు. అడిగినవాళ్ళకు మాత్రమే రాసివ్వడం న్యాయం కాదు. ఆ వాక్యం అందరి పత్రంలోనూ ఉండాలి. ఈ మాట వాళ్ళకు ఉత్తరం కూడా రాశాను, ఇంకా జవాబు రాలేదు.

త్వరగా పని అయిపోవాలనుకునేవాళ్ళకు ఈ సంస్థ నచ్చదు. ప్రతి అడుగులో ఆపి ప్రశ్నలు అడుగుతారు. మీ దగ్గర డబ్బు సరిపడా ఉన్నా ఆ ఆర్థిక సలహా సమావేశం మాత్రం వదులుకోకండి. బిడ్డ ఇంటికి వచ్చాక ఇస్తామన్న తోడ్పాటు ఎలా ఉంటుందో మేమింకా చూడలేదు కాబట్టి, ఈ నాలుగు నక్షత్రాల్లో దానికి లెక్క లేదు.